ఏ బటన్ నొక్కాలి

గంటస్తంభం పక్క కొట్టులో
ఆ కుర్రాడు అడిగాడు:
"లేడీసా మేడమ్, జెంట్సా?"
"ఇద్దరికీ సరిపోయేది లేదా?" అన్నాను.
రెండు సీసాల డబ్బు లేక అన్న మాట అది.
అంతకు మించి పెద్ద ఆలోచనేం లేదు.

కూర్మారావుది రంపం మిల్లు.
నాది పార్వతీపురం బండి, కండక్టర్ని.
అతని జేబుల్లో ఎప్పుడూ కర్రపొట్టు,
నా సంచిలో ఎప్పుడూ చిల్లర కంపు.

తొలి బస్సు ఐదూ పదికి.
మణికట్టు మీద ఒక్క పిచికారీ.
ముందు నిమ్మతొక్క గిల్లినట్టు
కళ్ళలోకి చురుక్కుమంది.
ఇంకా తెల్లారకుండానే
గట్టిగా మాట్లాడే మనిషిలా ఉంది,
ఇదెక్కడి గోలరా అనుకున్నాను.

బొండపల్లి దాటేసరికి గొంతు తగ్గించింది.
దవనం, మరువం, కాస్త దంచిన మిరియం.
ఎవరో జడలోంచి తీసి
ఎవరి జేబులోనో దాచినట్టు.

చంపావతి వంతెన మీద
గాలికి కిటికీలు గడగడలాడుతుంటే
అప్పుడొచ్చింది కర్ర.
వానకి తడిసి, నీడలో ఆరిన కర్ర.
కోసి పక్కన పెట్టాక
తలుపవ్వాలో, ఊయలవ్వాలో, పాడెవ్వాలో
ఇంకా తేల్చుకోని కర్ర.
మాట తక్కువ.
పక్కన కూర్చుంటుంది గానీ
మీద వాలదు.

ఆడవాళ్ళకి సున్నా టికెట్టు.
మగవాళ్ళకి దూరాన్ని బట్టి.
మిషన్ మీద వేలు పెట్టి
సీటు సీటుకీ జరుగుతున్నాను,
నాకంటే ఒక సీటు ముందు
అది జరుగుతోంది.
దీనికి ఏ బటన్ నొక్కాలి?

చింతపండు బుట్ట ఒళ్ళో పెట్టుకున్న తవిటమ్మ
నా చెయ్యి పట్టుకు వదల్లేదు.
"మా మాఁవ వాసనొస్తంది నీకాడ, కూతురా.
కొండ దిగొచ్చినప్పుడు
ఇలాగే ఉండీవోడు."
ఆధార్ కార్డు తీస్తూ కూడా
చెయ్యి వదల్లేదు.

వెనక సీటు పాలిటెక్నిక్ పిల్లాడు
"అక్కా, ఏ బ్రాండు?" అన్నాడు,
వాళ్ళ నాన్నకి వినపడకుండా.

గొల్లపల్లిలో వీణలు చెక్కే పెద్దాయన
దండి ఒకటి పాత లుంగీలో చుట్టి
నిలబెట్టి పట్టుకున్నాడు.
కళ్ళు మూసుకుని వాసన చూశాడు.
"పనస కాదు.
పనస చెక్కుతుంటే నోరూరతాది.
ఇదేదో చలిదేశం చెట్టు."
కాసేపాగి, తనలో తనే:
"మంద్రంలో ఉంది."

రామభద్రపురంలో చెకింగు.
ఆయన తలలు లెక్కపెట్టాడు: యాభై రెండు.
మిషన్ చూశాడు: యాభై రెండు.
నా పక్కనుంచి దిగబోతూ ఆగాడు.
ముక్కు ఎగబీల్చాడు.
మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాడు.
"ఒకరు ఎక్కువున్నట్టుందే?"
"లేరు సార్."
అబద్ధమాడినట్టే అనిపించింది.

రాత్రి డిపోలో డబ్బు కట్టి
ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర.
కూర్మారావు చారు కాస్తున్నాడు.
అతని మెడ దగ్గర
అదే సీసా, ఇంకో కథ.
నాకు పొద్దున్నే ఎగిరిపోయిన నిమ్మ
అతని చెవి వెనక ఇంకా కూర్చునే ఉంది.
నాకు తొందరగా వచ్చిన కర్ర
అతనికి రాలేదు.
రోజంతా కర్రల మధ్య ఉన్నవాడికి
మళ్ళీ ఎందుకనుకుందో.
"నీది బాగుంది" అన్నాడు.
"నీదే బాగుంది" అన్నాను.
చారు పొంగింది.

తెల్లారగట్ల కరెంటు లేదు.
గోడకి ఒకే కొక్కెం,
దాని మీద రెండు ఖాకీ చొక్కాలు.
ఒకటి డిపో ఇచ్చింది,
ఒకటి సంతలో కొన్నది.
చీకట్లో వాసన పట్టి నాది తీసుకుని
చీర మీద తొడుక్కుని పరిగెత్తాను.

కోట దగ్గరకొచ్చాక
మెడ దగ్గర ఏదో గుచ్చుకుంది.
పెన్ను కోసం జేబులో చెయ్యి పెడితే
వేళ్ళకి అంటింది
పొట్టు.